భయం, దిగులు, టెన్షన్ నడుం లోపలి కండరాన్ని ఏం చేస్తాయి? సోయాస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాలకొల్లుకీ భీమవరానికీ మధ్య ఓ చిన్న ఫిజియోథెరపీ గది నాది. గజ్జల్లో లాగుతోందనో, నడుం లోపల పట్టేసిందనో వచ్చేవాళ్ళలో చాలామంది ఈమధ్య ఫోన్లో ఏదో వీడియో చూసి వస్తున్నారు. "మా బాధలన్నీ సోయాస్‌లో దాక్కున్నాయటండీ, తీసేస్తారా?" అని అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇది రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి.

## మొదట అనుమానం వచ్చినప్పుడు

సోయాస్ అంటే ఏంటండీ? ఎక్కడుంటుంది?

వెన్నుకి రెండు పక్కలా, పేగుల వెనకాల ఉండే పొడుగాటి కండరం. ఛాతీ చివరి పూస నుంచి నడుములోని ఐదో పూస దాకా పట్టుకుని, కటి లోపలినుంచి కిందికి దిగి, గజ్జ ముందుగా దాటి, తొడ ఎముక పైన లోపలివైపున్న చిన్న బొడిపెకి అతుక్కుంటుంది. దారిలో ఇలియాకస్ అనే ఇంకో కండరం వచ్చి కలుస్తుంది. రెంటినీ కలిపి స్కాన్ రిపోర్టుల్లో ఇలియోసోయాస్ అని రాస్తారు. మోకాలు పైకెత్తడం, పడుకున్నవాళ్ళు లేచి కూర్చోవడం దీని ముఖ్యమైన పనులు. నడుం పూసల్ని నేరుగా కాలితో కలిపే కండరం ఇదొక్కటే. కాళ్ళకి వెళ్ళే నరాల గుత్తి దీని లోపలినుంచే పుడుతుంది, మూత్రనాళం దీని మీదుగా దిగుతుంది. మేకను కోసేచోట వెన్నుకి లోపలివైపు అంటుకుని ఉండే మెత్తటి పొడుగు కండ చూసే ఉంటారు. మనలో అదే ఇది. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది" అని మనవాళ్ళు వేరే అర్థంలో అన్నారు గానీ, ఈ కండరం దారి చూస్తే అక్షరాలా అదే.

'ప్సోయాస్' అనాలా, 'సోయాస్' అనాలా?

ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి 'పి' పలకరు. గ్రీకులో నడుం భాగాన్ని చెప్పే మాట నుంచి వచ్చింది. డాక్టర్ దగ్గర "గజ్జ లోపలి కండరం" అన్నా అర్థమైపోతుంది.

నాది సోయాస్ పట్టేనని ఎలా తెలుస్తుంది?

చాలాసేపు కూర్చుని లేచినప్పుడు నాలుగడుగులు వంగి నడిచి తర్వాత నిటారు కావడం, మెట్లెక్కుతుంటే గజ్జ ముందు లాగడం, బోర్లా పడుకుంటే నడుం నొప్పెట్టడం, కాళ్ళు ముడుచుకుంటే హాయిగా ఉండడం. వీటిలో రెండుమూడు ఉంటే అనుమానించవచ్చు.

ఇంట్లో చూసుకునే పరీక్ష ఒకటుంది. 19వ శతాబ్దపు బ్రిటిష్ ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ పేరుమీద దాన్ని థామస్ టెస్ట్ అంటారు. చెక్క మంచం చివర పిరుదులు అంచుకి వచ్చేలా వెల్లకిలా పడుకోండి. నవారు మంచం పనికిరాదు, నడుం గుంటలో పడి లెక్క తప్పుతుంది. ఒక మోకాలిని రెండు చేతులతో ఛాతీకి హత్తుకోండి, రెండో కాలిని వదిలెయ్యండి. వేలాడే తొడ మంచం మట్టానికి దిగకుండా పైకి లేచి ఉంటే ఆ వైపు తుంటి ముందు కండరాలు బిగుసుకున్నట్టు. తొడ దిగి, మోకాలు మాత్రం చాచుకుని ఉండిపోతే పట్టు సోయాస్‌ది కాదు, తొడ ముందు కండరానిది. రెండు కాళ్ళకీ తేడా చూసుకోండి, ఆ తేడాయే ఎక్కువ చెబుతుంది.

ఇన్నాళ్ళూ గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను. గ్యాస్ కాదా?

ఏ నొప్పొచ్చినా గ్యాస్ ఖాతాలో రాసెయ్యడం మనకి అలవాటే. తేడా పట్టుకోవడానికి కదలిక చూడండి. తిండితో, విరేచనంతో మారే నొప్పి పొట్టలోది కావచ్చు. మోకాలు పైకెత్తినప్పుడు, మంచం మీద పక్కకి దొర్లినప్పుడు, బైక్ మీంచి కాలు తిప్పి దిగినప్పుడు మారే నొప్పి కండరానిదో కీలుదో కావచ్చు. టెన్షన్ ఉన్నవాళ్ళకి పొట్ట ఉబ్బరం, కండరాల పట్టు రెండూ కలిసే వస్తుంటాయి కాబట్టి ఒకటుంటే రెండోది లేదని కొట్టిపారెయ్యకండి.

మా అమ్మ జీవితమంతా ఊడ్పుల్లో వంగింది. ఆవిడ నడుం పట్టుకి కూడా టెన్షనే కారణమంటారా?

అనను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగి నాట్లు వేసే మనిషి నడుం పట్టేస్తే ముందు ఆ పనినే అనుమానించాలి. తుంటి దగ్గర వంగి ఉన్నంతసేపూ సోయాస్ పొట్టిగా ముడుచుకుని ఉంటుంది, వీపు వెనకాల కండరాలూ పట్టీలూ బరువు మోస్తాయి. ఒక్కసారిగా లేచి నిలబడితే రెండూ ఎదురుతిరుగుతాయి. నరసాపురం వైపు నేలమీద కూర్చుని గంటల తరబడి లేసు అల్లే ఆడవాళ్ళదీ ఇంచుమించు ఇదే కథ. అయితే కౌలు డబ్బుల దిగులో, కూతురి పెళ్ళి అప్పో మీద పడిన ఏడాది అదే పని రెట్టింపు నొప్పి పెడుతుంది. పని నిప్పు అయితే టెన్షన్ గాలి. గాలి తగ్గించినంత మాత్రాన నిప్పు ఆరదు కాబట్టి ఆవిడకి "అన్నీ మనసులోనే ఉన్నాయి" అని మాత్రం చెప్పకండి.

## టెన్షన్‌కీ కండరానికీ లంకె

భయం ఉండేది మనసులో. గజ్జల్లో ఎందుకు పట్టేస్తుంది?

వంటింట్లో గిన్నె దబ్బున పడిందనుకోండి. కళ్ళు మూసుకుంటాయి, భుజాలు ఎగుస్తాయి, తల లోపలికి వెళుతుంది, పొట్ట బిగుస్తుంది, ఒళ్ళంతా ముందుకి ముడుచుకుంటుంది. మీరు ఆలోచించి చేసేది కాదది. మెదడు అడుగుభాగం నుంచి సెకనులో చిన్న వంతులో వచ్చేసే ఉలికిపాటు. ఒంటిని ముందుకి ముడిచే పనిలో తుంటి ముందు కండరాలకీ వాటా ఉంది. ఆ తర్వాత కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు పరుగుకి సిద్ధమవుతాయి. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915 నాటికే దీన్ని పోరాడడానికో పారిపోవడానికో ఒళ్ళు చేసుకునే సన్నాహంగా వివరించాడు. పరిగెత్తాలంటే మోకాలు లేవాలి, మోకాలు లేవాలంటే సోయాస్ పనిచెయ్యాలి.

చిక్కెక్కడంటే, పులి ఎదురైతే పరిగెడతాం, ఆ బిగువు అక్కడితో ఖర్చయిపోతుంది. బ్యాంకు నోటీసు వస్తే ఎక్కడికి పరిగెడతాం? కుర్చీలోనే కూర్చుంటాం.

మొగల్తూరు వైపు నుంచి ఓ రొయ్యల రైతు వచ్చేవారు. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోవచ్చు. అందుకని చెరువు గట్టు మీదే పడక. "నన్ను లేపేది చప్పుడు కాదండీ, చప్పుడు ఆగిపోవడం" అన్నారాయన. ఏరేటర్ల హోరు ఆగిన క్షణం దిగ్గున లేచి జనరేటర్ దగ్గరికి పరుగు. మిగతా రాత్రంతా మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, సగం మెలకువలో. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి "కాలు వదిలెయ్యండి" అంటే వదిలేశాననే అనుకున్నారు. తొడ కింద చెయ్యి పెడితే బల్లకీ తొడకీ మధ్య నా అరచెయ్యి నిలువుగా పట్టింది.

ఊపిరి బిగబట్టడానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అది పక్కా ఇరుగుపొరుగు సంబంధం. ఊపిరి తీసుకునే ముఖ్య కండరం డయాఫ్రం, స్కూలు పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్నది. దాని వెనక కాళ్ళలాంటి పట్టీలు రెండు నడుం పై పూసలకి దిగి పట్టుకుంటాయి. సోయాస్ పైభాగం పుట్టేదీ అక్కడే, డయాఫ్రంకి చెందిన ఒక వంపు పట్టీ సోయాస్ మీదుగానే వెళుతుంది. టెన్షన్‌లో మనిషి పొట్ట బిగబట్టి పై ఛాతీతో చిన్న చిన్న ఊపిరి తీస్తాడు. పొట్ట కదలదు, నడుం కదలదు, ఆ భాగమంతా గంటల తరబడి ఒకే బిగువులో ఉండిపోతుంది. మామూలు మనిషి నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాడు. రోజు మొత్తానికి లెక్కేస్తే ఎన్నిసార్లు అదే తప్పు చేస్తున్నామో మీరే చూసుకోండి.

కోపానికి ఒకలా, దిగులుకి ఒకలా పడుతుందా?

ఫలానా బాధకి ఫలానా కండరం అని పటం గీసి చూపించే పోస్టులు నమ్మకండి. నా బల్ల మీద కనబడేదాన్ని బట్టి చెబితే, కోపం ఎక్కువున్నవాళ్ళు దవడ, మెడ బిగిస్తారు. భయం ఉన్నవాళ్ళు పొట్ట, గజ్జలు ముడుస్తారు. దిగులు ఉన్నవాళ్ళు అసలు కదలరు. కువైట్ వెళ్ళిన కూతురి దగ్గర్నుంచి నాలుగు రోజులుగా ఫోన్ రాలేదని ఓ తల్లి వాకిట్లో పీట మీద మోకాళ్ళు చుట్టేసుకుని కూర్చుండిపోయేవారు. ఆవిడ కండరం పట్టేసింది బాధ అందులోకి దిగినందుకు కాదు, ఆ కూర్చున్న తీరుకి, నిద్రలేమికి, తిండి మానేసినందుకు.

మన బాధలన్నీ సోయాస్‌లో నిల్వ ఉంటాయంటారు. నిజమేనా?

కాదు. జ్ఞాపకం ఉండేది మెదడులో. కండరానికి బిగుసుకోవడం, వదలడం తెలుసు, బలం పెరగడం తరగడం తెలుసు, అంతే. అయితే ఆ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. భయపడినప్పుడల్లా ఒకే తీరులో ముడుచుకుంటే ఆ తీరు నరాల వ్యవస్థకి అలవాటైపోతుంది, భయం పోయాక కూడా బిగువు ఉండిపోతుంది. బిగువు వదిలించుకుంటే మనసు కొంచెం తేలికపడుతుంది కూడా. దీన్ని పట్టుకుని కొందరు "చిన్నప్పటి గాయాన్ని కండరంలోంచి బయటికి లాగేస్తాం" అని వేలకి వేలు తీసుకుంటున్నారు. దానికి మాత్రం నేను ఒప్పుకోను.

వరదప్పుడు బాగానే ఉన్నాను. నీళ్ళు తీశాక నెలకి నడుం పట్టేసింది. ఎందుకలా?

2022 జులై గోదావరి వరద తర్వాత లంక గ్రామాల నుంచి వచ్చినవాళ్ళంతా ఇదే అడిగారు. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ ఏడాది 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు బియ్యం బస్తా అటక మీదికెక్కించిందీ, గేదెని ఏటిగట్టు దాకా తోలిందీ ఎవరికీ నొప్పిగా అనిపించదు. ప్రమాదం మధ్యలో ఉన్నప్పుడు మెదడు నొప్పిని తొక్కిపెడుతుంది, అది దాని మంచి గుణాల్లో ఒకటి. లెక్క తర్వాత తేలుతుంది. స్కూలు గదిలో గచ్చు మీద పడుకున్న రాత్రులు, ఇంట్లో మేటేసిన ఒండ్రు పారతో ఎత్తిపోసిన రోజులు, నష్టపరిహారం జాబితాలో పేరుందో లేదో అన్న ఆరాటం, అన్నీ కలిసి నిద్రని తినేస్తాయి. నిద్ర తక్కువైన ఒంట్లో నొప్పిని గుర్తించే తీరే మారిపోతుంది, మామూలు లాగుడు కూడా పోటులా అనిపిస్తుంది. మీరు నటిస్తున్నారని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అంటే నొప్పి నా ఊహేనా?

ఊహ కాదు. స్కాన్ ఆకారాన్ని చూపిస్తుంది, బిగువునీ నొప్పినీ చూపించదు. వాయించని వీణని ఫొటో తీసి తీగ ఎంత బిగిసిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చీము, గడ్డ, పూసల అరుగుదల, నరం మీద ఒత్తిడి లాంటివి లేవని తేలడం మంచి వార్తే. ఇక ధైర్యంగా కదలొచ్చన్నమాట. నొప్పికి భయపడి కదలిక మానేస్తే కండరం బలం తగ్గుతుంది, తగ్గితే చిన్న పనికే నొప్పొస్తుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. నా దగ్గరికొచ్చే పాత నొప్పుల్లో చాలావాటి కథ ఇదే.

మా అబ్బాయి ఇంటర్, హాస్టల్లో ఉంటాడు. పరీక్షల ముందు గజ్జల్లో నొప్పంటున్నాడు.

పొద్దున్న ఐదింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పది దాకా బెంచీ మీదే కూర్చుంటే, పైన ర్యాంకుల భయం తోడైతే, కండరం పట్టడంలో వింతేం లేదు. పీరియడ్ మారినప్పుడల్లా లేచి నిలబడమనండి, సాయంత్రం అరగంట ఆడుకోనిమ్మని వార్డెన్‌తో మీరే మాట్లాడండి. ఈ వయసులో కుంటుతూ ఉంటే, జ్వరం ఉంటే, వృషణాల్లో నొప్పి ఉంటే మాత్రం టెన్షన్ అని ఊరుకోకుండా వెంటనే చూపించాలి. వృషణం మెలిపడితే గంటల్లో ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది.

## ఇంట్లో చేసుకునేవి

ఈ రాత్రికే ఏదైనా చెప్పండి. ఏం చెయ్యను?

చాప పరిచి వెల్లకిలా పడుకోండి. పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టండి, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా లంబకోణం వచ్చేలా. కుర్చీ లేకపోతే మడిచిన పరుపు చాలు. తల కింద పల్చటి దుప్పటి. చేతులు పొట్టమీద. పది పదిహేను నిమిషాలు, అంతే. వ్యాయామం చెయ్యకండి, సాగదీయకండి, ఫోన్ పక్కగదిలో పెట్టండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నడుం వెనక చాపకీ వీపుకీ మధ్య ఉన్న సందు కొద్దికొద్దిగా పూడుతుంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. లేచేటప్పుడు దిగ్గున లేవకండి, పక్కకి ఒత్తిగిలి చేత్తో నేలని తోసి లేవండి.

ఊపిరి వ్యాయామం ఎలా చెయ్యాలి? నాకు ప్రాణాయామం రాదు.

రాకపోయినా పర్వాలేదు. ముక్కుతో మెల్లగా నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు లోపలికి, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు బయటికి. పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి ఎక్కువ లేవకూడదు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గడం ఒంటి సహజగుణం, అందుకే వదిలేదాన్ని పొడిగిస్తాం. ఐదు నిమిషాలు చాలు. తల తిరిగితే బలవంతంగా ఎక్కువ పీలుస్తున్నారని అర్థం, మామూలుగా వదిలెయ్యండి. లెక్కలు చిరాకనిపించేవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు 1920ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. పాదం నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగాన్నీ ఐదారు సెకన్లు గట్టిగా బిగించి ఒక్కసారి వదిలెయ్యాలి. పొలం పని చేసేవాళ్ళకి ఇదే బాగా నచ్చుతుంది, బిగించడం తెలిసిన ఒంటికి వదలడం త్వరగా అర్థమవుతుంది.

గజ్జ సాగదీసే వ్యాయామం సరిగ్గా ఎలా?

కుడి మోకాలు నేలమీద, కింద మడత గుడ్డ. ఎడమ పాదం ముందు. ఇక్కడ అందరూ చేసే తప్పు, నడుం విల్లులా వంచి ముందుకి తోసెయ్యడం. అలా చేస్తే సాగేది కండరం కాదు, నలిగేది నడుం. ముందు కుడి పిరుదు గట్టిగా బిగించండి, తోక ఎముకని కిందికి లాక్కోండి. కదలకుండానే గజ్జ ముందు లాగుడు మొదలవుతుంది. అప్పుడు రెండంగుళాలు ముందుకి జరిగితే చాలు. 30 సెకన్లు ఆగి, వైపుకి రెండు మూడుసార్లు. కాలు వణికితే కంగారు పడకండి, అలసిన కండరం అలాగే వణుకుతుంది.

రోజూ సాగదీస్తున్నా మళ్ళీ బిగుసుకుపోతోంది. ఏం లోపం?

బిగుసుకున్న కండరం బలంగా ఉందని అనుకుంటాం. చాలాసార్లు బలహీనంగా ఉన్నందుకే బిగుసుకుంటుంది. అలాంటిదాన్ని సాగదీస్తూ కూర్చుంటే లాభం లేదు, పని నేర్పాలి. గోడకి ఆనుకుని నిలబడి మోకాలిని నడుం ఎత్తు దాకా ఎత్తి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా దించండి. వైపుకి పదిసార్లు, రెండు విడతలు. రెండు వారాలకి కాలికి పాత సైకిల్ ట్యూబు కట్టి చెయ్యండి. చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవాళ్ళలో కొందరి గజ్జ కండరం చూస్తే ముచ్చటేస్తుంది, బిగువూ బలమూ సాగుడూ మూడూ ఉంటాయి.

కడుపు నొక్కించుకోవచ్చా? ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకోమంటున్నారు.

వద్దు. సోయాస్‌ని వేళ్ళతో అందుకోవాలంటే పేగుల్ని దాటి లోపలికి వెళ్ళాలి. ఆ దారిలోనే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. నేర్చుకున్నవాళ్ళు కూడా పక్కనుంచి, నెమ్మదిగా, రోగి ఊపిరి వెంట చేస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందన్నది మనకి తాతల నాటి నమ్మకం. ఎముకలు గుల్లబారిన పెద్దావిడ నడుం మీద కాలు పెడితే పూస నలగొచ్చు. నేనే ఓసారి, కొత్తలో, తెలిసినాయన చెప్పారని పొట్ట నొక్కించుకుని మూడు రోజులు వంగి నడిచాను. పెద్దలంటే గౌరవమే గానీ ఈ ఒక్కటీ మానెయ్యండి. వీపుకీ పిరుదులకీ గోరువెచ్చని నూనె మర్దనా, వేడినీళ్ళ కాపడం నిక్షేపంగా చేసుకోవచ్చు.

సాగదీస్తుంటే ఏడుపొచ్చేసింది. ఏదో అయిందా?

ఏమీ కాలేదు. రోజంతా బిగబట్టుకున్న మనిషికి మొదటిసారి నిశ్శబ్దం, నిదానమైన ఊపిరి దొరికితే కళ్ళు నిండుతాయి. ఏడవనివ్వండి, మంచినీళ్ళు తాగండి. అదే పనిగా పాత భయాలు కళ్ళముందు ఆడుతూ, గుండె దడ వచ్చి, రోజులు గడిచినా వదలకపోతే వ్యాయామం పక్కన పెట్టి మానసిక వైద్యుల్ని కలవండి.

ఏడో నెల. ఇవి చెయ్యొచ్చా?

వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు, పెరిగిన గర్భసంచి రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి. ఎడమవైపు ఒత్తిగిలి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని ఊపిరి వ్యాయామం చేసుకోండి. మిగతావి మీ డాక్టరమ్మని అడిగాకే.

## డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినప్పుడు

ఏ గుర్తులుంటే టెన్షన్ అనుకోకుండా పరిగెత్తాలి?

బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి, వాంతి, జ్వరం, కుడికాలు చాచలేకపోవడం: అపెండిక్స్ కావచ్చు. అపెండిక్స్ కుడి సోయాస్ మీదే ఆనుకుని ఉండొచ్చు కాబట్టి డాక్టర్లు ఆ కాలిని వెనక్కి లాగి చూస్తారు. నడుం నుంచి గజ్జకి మెలిపెట్టేసే నొప్పి, ఎర్రటి మూత్రం: కిడ్నీలో రాయి. దగ్గితే గజ్జలో ఉబ్బు: హెర్నియా. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి హఠాత్తుగా గజ్జ నొప్పి, తొడ తిమ్మిరి, మోకాలు మడతపడిపోవడం: కండరంలో రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చెయ్యకండి. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా 108కి ఫోన్ చెయ్యండి. చాలాకాలం మద్యం తాగినవాళ్ళకి, స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి గజ్జ నొప్పి వస్తే తుంటి ఎముక బంతి దెబ్బతిందేమో చూపించాలి.

టీబీకి, ఈ కండరానికి ఏంటి సంబంధం? మా డాక్టర్ ఆ మాటన్నారు.

సరిగ్గానే అన్నారు. వెన్నుపూసకి టీబీ సోకితే అక్కడి చీము సోయాస్ తొడుగు వెంట కాలవలో నీళ్ళలా కిందికి దిగి గజ్జలో గడ్డలా తేలుతుంది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, రాత్రి కూడా వదలని నడుం నొప్పి ఉంటే ఏ వ్యాయామమూ మొదలుపెట్టొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షలూ మందులూ ఉచితం. మందులు మధ్యలో ఆపకూడదు.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళమన్నారు. ఊళ్ళో తెలిస్తే పిచ్చంటారేమో?

అనేవాళ్ళు అంటారు, అబద్ధం చెప్పను. కానీ రెండు వారాలకి మించి నిద్ర లేకపోతే, తిండి సయించకపోతే, ఏ పని మీదా మనసు నిలవకపోతే ఆ కండరాన్ని నేనెంత వదులు చేసినా రేపటికి మళ్ళీ బిగుస్తుంది. ఊళ్ళో వద్దనుకుంటే ఫోన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే రేపటిదాకా ఆగకండి, పక్కనున్న మనిషికి చెప్పి ఇప్పుడే ఆ నంబరుకి ఫోన్ చెయ్యండి.

## తగ్గుముఖం పట్టాక

ఎన్నాళ్ళకి తగ్గుతుంది?

కొత్త పట్టయితే రెండు మూడు వారాలు. ఏడాదిగా లాక్కొస్తున్నదైతే మూడు నెలలు అనుకోండి. రోజూ పావుగంట చేసినవాళ్ళకే ఈ లెక్క. ఆదివారం గంటన్నర చేసి ఆరు రోజులు మానేసేవాళ్ళకి లెక్క లేదు.

రొయ్యల కాపలా మానలేను. మరెలా?

మానమని నేనూ అనను, ఇల్లు నడవాలి కదా. ఇద్దరు రైతులు వంతులేసుకుని ఒక రాత్రి ఒకరు రెండు చెరువులూ చూసుకుంటే రెండోవాళ్ళకి ఆ రాత్రి నిండా నిద్ర. కరెంటు పోతే మోగే అలారం పెట్టించుకుంటే సగం మెలకువలో చెవి రిక్కించి పడుకోవాల్సిన పని ఉండదు. నేను చెప్పిన మొగల్తూరు రైతు చేసిందిదే. వ్యాయామాలు సగమే చేశారు, నిద్ర మాత్రం వారానికి మూడు రాత్రులు దక్కించుకున్నారు. రెండు నెలలకి తొడ బల్లకి దిగింది.

మొన్న భద్రాచలం దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని టీవీలో వినగానే మళ్ళీ గజ్జలో పట్టేసింది. మొదటికొచ్చేసినట్టేనా?

మొదటికి రాలేదు. ఆ వార్తకీ ఆ బిగువుకీ మీ ఒంట్లో లంకె ఏర్పడింది, విన్నప్పుడల్లా కొంత బిగుస్తుంది. 1996 నవంబర్ తుఫాను చూసిన కోనసీమ పెద్దవాళ్ళలో కొందరికి ఇప్పటికీ కొబ్బరి మట్టలు ఒక తీరుగా కొట్టుకుంటే పొట్ట ముడుచుకుంటుంది. తేడా ఎక్కడంటే, పోయినసారి నెలరోజులున్న పట్టు ఈసారి ఎన్నాళ్ళుందో చూసుకోండి. టీవీ కట్టేసి, సర్టిఫికెట్లూ మందులూ ఓ సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టుకోండి, చేతిలో పని ఉంటే భయం కాస్త సర్దుకుంటుంది. తర్వాత కాళ్ళు కుర్చీమీద పెట్టి పది నిమిషాలు పడుకోండి. నీళ్ళు మన దాకా రావడానికి ఎలాగూ ఇంకా టైముంది.